మాటలు ఆలస్యమైన పిల్లలకు సాయం: చెవి పరీక్ష నుంచి ఇంట్లో థెరపీ దాకా

రెండేళ్ళు నిండినా బిడ్డ "అమ్మ", "తాత" దగ్గరే ఆగిపోతే మన ఇళ్ళలో వినిపించే సలహాలు దాదాపు ఒకటే. "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే మాటలొచ్చాయి, మగపిల్లలకి లేటే." "వస అరగదీసి నాకించండి." "ప్లేస్కూల్లో వేసేయండి, నలుగురిలో పడితే అవే వస్తాయి." మొదటి మాటలో కొంత నిజం ఉంది. మాటలు ఆలస్యంగా రావడం కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది. రెండేళ్ళకి వెనకబడిన పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు కూడా. చిక్కల్లా ఏమిటంటే, ఎవరు తమంతట తాము అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో ఆ వయసులో చూసి కచ్చితంగా చెప్పగలిగేవాళ్ళు లేరు. ఆగి చూస్తే పోయేవి నెలలు. చెవి పరీక్ష చేయించి ఒకసారి స్పీచ్ థెరపిస్టుకి చూపిస్తే పోయేది ఒకట్రెండు రోజులు.

ఏడాది నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వారం లెక్క ఒకసారి చూడండి. థెరపీ సెంటర్‌కి వారానికి రెండుసార్లు, వెళ్ళినప్పుడల్లా ముప్పావు గంట అనుకుంటే మొత్తం గంటన్నర. బిడ్డ రోజుకి పన్నెండు గంటలు మేలుకుని ఉంటుందనుకుంటే వారానికి 84 గంటలు. అంటే 82 గంటల పైచిలుకు గడిచేది మీతోనే, అమ్మమ్మ నానమ్మలతోనే. అందుకే సెంటర్ గురించి కంటే ఇంటి గురించే ఎక్కువ రాశాను.

## మొదటి అడుగు: ఒక వారం గమనించండి

"మాట్లాడుతున్నాడా లేదా" అన్న ఒక్క ప్రశ్నతో పని జరగదు. బిడ్డకి వినపడుతోందా, విన్నది అర్థమవుతోందా, కావలసింది సైగతోనైనా అడుగుతోందా, ఆ తర్వాతే మాట. అర్థం చేసుకోవడం, సైగలు బాగా ఉండి మాట ఒక్కటే వెనకబడితే పరిస్థితి వేరు. మూడూ వెనకబడితే వేరు.

వయసుకి ఏం రావాలో చెప్పే పట్టికలు చాలా ఉన్నాయి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన పట్టిక వాడుకోవడానికి తేలిక. నూటికి కనీసం 75 మంది పిల్లలు ఆ వయసుకి చేసేవే అందులో పెట్టారు. కాబట్టి అందులోది రాకపోతే "కొందరికి లేటవుతుందిలే" అని వదిలేయకూడదు. ముఖ్యమైనవి ఇవి. తొమ్మిది నెలలకి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదికి చెయ్యి ఊపి టాటా చెప్పాలి, "వద్దు" అంటే ఒక క్షణమైనా ఆగాలి, అమ్మనో నాన్ననో పిలవాలి. ఏడాదిన్నరకి ఆ రెండూ కాక మరో మూడు మాటలైనా అనడానికి ప్రయత్నించాలి, చేత్తో చూపించకుండా "బంతి ఇవ్వు" అంటే ఇవ్వాలి, నచ్చినదాన్ని వేలుతో చూపించాలి. రెండేళ్ళకి రెండు మాటలు కలపాలి: "నాన్న రా", "ఇంకా పాలు". రెండున్నరకి యాభై మాటల దాకా ఉండాలి. మూడేళ్ళకి చెప్పేది బయటివాళ్ళకి కూడా చాలావరకు అర్థం కావాలి.

ఇవి ఇంగ్లీషు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. తెలుగులో "వచ్చాడు" అన్న ఒక్క మాటలోనే ఎవరో, ఎప్పుడో కూడా ఉంటుంది. అందుకని రెండు మాటలు కలపడంతో పాటు "ఇవ్వు", "ఇచ్చాడు", "ఇస్తా" అని చివర మార్చి అంటున్నాడా అన్నదీ చూడండి. అదీ ఎదుగుదలే.

మాట అంటే స్పష్టంగా పలికేదే కానక్కర్లేదు. బువ్వకి ప్రతిసారీ "బు" అంటే అది మాటే. కుక్కని చూసి "బౌ" అన్నా మాటే. ఫోన్లో విన్న రైములు, ఏబీసీడీలు, వంద దాకా అంకెలు అప్పజెప్పడాన్ని మాత్రం ఈ లెక్కలో వేయకండి. వంద దాకా చెప్పే పిల్లాడు దాహమేసినప్పుడు "నీళ్ళు" అని అడగలేకపోతే, చూడాల్సింది ఆ అడగలేకపోవడాన్నే.

నెల తక్కువగా పుట్టిన బిడ్డయితే రెండేళ్ళ వరకు వయసులోంచి ఆ నెలలు తీసేసి చూడాలి. రెండు నెలలు ముందు పుట్టి ఇప్పుడు పద్నాలుగు నెలలుంటే పన్నెండు నెలల బిడ్డగా లెక్క.

ఒక పాత నోటుబుక్కు తీసుకుని బిడ్డ అనే మాటలన్నీ తేదీతో రాయండి. అన్నం తినేటప్పుడు, ఆడుకునేటప్పుడు రెండు మూడు నిమిషాల వీడియోలు తీయండి. కొత్త చోట, కొత్త మనిషి ముందు పిల్లలు బిగుసుకుపోతారు. డాక్టరు గదిలో కనిపించనిది ఆ వీడియోలో కనిపిస్తుంది. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో కూడా ఎదుగుదల బొమ్మలు ఉంటాయి. టీకాల పేజీ దగ్గరే ఆగిపోకుండా ఆ పేజీ కూడా తెరవండి.

వారం రోజులు కూడా ఆగకుండా వెంటనే చూపించాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వచ్చిన మాటలు పోవడం వాటిలో మొదటిది, ఏ వయసులో అయినా సరే. ఏడాది దాటినా పేరుకి పలక్కపోవడం, ఏడాదిన్నరకి కూడా వేలుతో ఏదీ చూపించకపోవడం, ఫిట్స్ రావడం, నమలడానికీ మింగడానికీ ఇబ్బంది పడడం కూడా అలాంటివే.

## రెండో అడుగు: చెవి పరీక్ష

థెరపీ మొదలుపెట్టాక కాదు, అంతకు ముందే. "వాడికి బాగా వినపడుతుందండీ, వంటింట్లో గిన్నె పడితే ఉలిక్కిపడతాడు" అని చెప్పే తల్లులు ఎక్కువ. గిన్నె చప్పుడు వినపడినంత మాత్రాన మాట వినపడినట్టు కాదు. లావు శబ్దాలు వినపడి, "స", "త", "ష" లాంటి సన్నని శబ్దాలు వినపడకపోవచ్చు. అలాంటి బిడ్డకి మాటలు సగం సగం, ముద్దముద్దగా చేరతాయి. ఎప్పుడూ జలుబుతో ఉండే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి, కొన్నాళ్ళు వినికిడి తగ్గి, మళ్ళీ బాగవుతూ ఉంటుంది. పుట్టినప్పుడు చేసిన పరీక్ష పాసయినా తర్వాత లోపం రావచ్చు.

పరీక్ష చేసేది ఆడియాలజిస్టు. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చేసే ఓఏఈ కొద్ది నిమిషాల పని. తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి చేసే బేరాకి బిడ్డ గాఢంగా నిద్రపోవాలి. ముందు రాత్రి కాస్త ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో కునుకు తీయకుండా చూసుకుంటే చాలాసార్లు మత్తు మందు అవసరం పడదు. కర్ణభేరి వెనక నీరు ఉందేమో చూడడానికి టింపనోమెట్రీ చేస్తారు.

లోపం తేలితే వినికిడి యంత్రం ఎంత త్వరగా పెడితే అంత మంచిది. తీవ్రమైన లోపమైతే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి అడగండి. పుట్టుకతో వినపడని చిన్న పిల్లలకి కేంద్రం, దివ్యాంగులకి పరికరాలిచ్చే అడిప్ పథకం కింద ఈ ఆపరేషన్ చేయిస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాటల లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వివరాలు అక్కడ దొరుకుతాయి. దీనికి వయసు పరిమితి ఉంటుంది కాబట్టి "వచ్చే వేసవికి చూద్దాం" అనుకోకండి.

## మూడో అడుగు: ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ముందు మీ పిల్లల డాక్టరు. థైరాయిడ్, రక్తహీనత లాంటివి ఉన్నాయేమో చూసి, అవసరమైతే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్‌కి పంపుతారు. అపాయింట్‌మెంట్ రెండు నెలల తర్వాత దొరికితే ఈలోపు స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి ఏ అడ్డూ లేదు. జబ్బు పేరు తేలేదాకా ఆగాలన్న నియమం ఎక్కడా లేదు.

మాట, భాష, మింగడం చూసేది స్పీచ్ థెరపిస్టు. బీఏఎస్‌ఎల్‌పీ, ఎంఏఎస్‌ఎల్‌పీ చదివి ఉంటారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరై సీఆర్ఆర్ నంబరు ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి. అది ఉన్నవాళ్ళు నవ్వుతూ చెబుతారు. చేతుల పని, తినడం, బట్టలు వేసుకోవడం, శబ్దాలకీ స్పర్శకీ బెదరడం లాంటివి ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. వీళ్ళూ ఫిజియోథెరపిస్టులూ ఆ కౌన్సిల్ పరిధిలోకి రారు, కాబట్టి వాళ్ళ దగ్గర డిగ్రీ ఏమిటో అడగండి. పెద్ద సెంటర్లలో అన్నిటికీ కలిపి "ప్యాకేజీ" చెబుతారు. బిడ్డకి మాట ఒక్కటే వెనకబడి ఉంటే మూడు థెరపీల ప్యాకేజీ ఎందుకో వాళ్ళు మీకు అర్థమయ్యేలా చెప్పగలగాలి.

డబ్బు దగ్గర ఆగిపోయేవాళ్ళకి ప్రభుత్వ దారి ఉంది, చాలామందికి తెలియదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకి వచ్చి పిల్లల్ని చూస్తాయి. ఎదుగుదల ఆలస్యం వాళ్ళు చూడాల్సిన జాబితాలోనే ఉంది. అనుమానం ఉంటే డైక్ అనే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడ పరీక్షలూ థెరపీ ఉచితం. బృందం వచ్చేదాకా కాచుకోకుండా అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడిగి మీరే రాయించుకోవచ్చు. అన్ని డైక్‌లలో అన్ని పోస్టులూ నిండి ఉంటాయని చెప్పలేను. వెళ్ళే ముందు స్పీచ్ థెరపిస్టు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కోండి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఎన్ఐఈపీఐడీ ఉంది. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలైనది ఇదే. 2021లో కేంద్రం దేశంలో పద్నాలుగు చోట్ల ప్రారంభించిన సత్వర చికిత్సా కేంద్రాల్లో ఒకటి ఇక్కడ ఉంది, ఇంకొకటి నెల్లూరులో దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రమైన సీఆర్‌సీలో ఉంది. దూరం నుంచి రోజూ రాలేని కుటుంబాలు ఇలాంటి చోట పూర్తి అసెస్‌మెంట్ చేయించుకుని, ఇంట్లో చేయాల్సినవి నేర్చుకుని, కొన్నాళ్ళకోసారి చూపించుకోవచ్చు. వారానికి రెండుసార్లు బస్సులో నాలుగు గంటలు కూర్చోబెట్టడం కంటే నాకు ఇదే మేలనిపిస్తుంది.

## నాలుగో అడుగు: మొదటి సెషన్లలో ఏం అడగాలి

మంచి థెరపిస్టు మొదటి రోజు బిడ్డతో నేల మీద కూర్చుని ఆడతారు, మీతో చాలాసేపు మాట్లాడతారు. ఆ తర్వాత కాగితం మీద లక్ష్యం రాసిస్తారు. "మాటలు రావాలి" అన్నది లక్ష్యం కాదు. "మూడు నెలల్లో కావలసింది సైగతో గానీ మాటతో గానీ రోజుకి పదిసార్లు అడగాలి" అన్నది లక్ష్యం. కొలవగలిగేలా ఉండాలి.

మీరు అడగాల్సినవి రెండే. "ఈ వారం ఇంట్లో ఏం చేయాలి?" "నేను చేస్తాను, సరిగ్గా చేస్తున్నానో లేదో చూస్తారా?" ఈ రెండో ప్రశ్నకి ఇబ్బందిపడే చోట జాగ్రత్తగా ఉండండి. తల్లిదండ్రుల్ని బయట కుర్చీల్లో కూర్చోబెట్టి, తలుపు వేసుకుని, అరగంట తర్వాత "బాగా చేశాడమ్మా" అని బిడ్డని అప్పగించే సెంటర్లున్నాయి. లోపల ఏం జరిగిందో తెలియకపోతే ఇంట్లో ఏం చేస్తారు? కొందరు పిల్లలు అమ్మ ఉంటే అసలు పని చేయరు, నిజమే. అలాంటప్పుడు అద్దం వెనక నుంచో, వీడియోలోనో చూపించాలి.

ఈల ఊదించడం, బుగ్గలకి మసాజ్ చేయడం లాంటి కసరత్తులతో మాటలొస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవు. సబ్బు బుడగలు మాత్రం మంచి ఆట. మీరు ఒకసారి ఊది ఆగితే చాలు, "ఇంకా" అని అడగడానికి బిడ్డకి అంతకన్నా మంచి అవకాశం ఉండదు.

## ఐదో అడుగు: ఇంట్లో థెరపీ

దీనికోసం ప్రత్యేకంగా గంట కేటాయించి బిడ్డని కుర్చీలో కూర్చోబెట్టకండి. ఎలాగూ రోజూ చేసే పనులే చాలు. స్నానం, తిండి, బట్టలు, బయటికి వెళ్ళడం, పడుకోవడం. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని రెండు వారాలు దాని మీదే పని చేయండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టినవాళ్ళు పదిరోజుల్లో అలసిపోయి అన్నీ వదిలేస్తారు.

ముందు ప్రశ్నలు తగ్గించండి. మన ఇళ్ళలో మాటలు రాని బిడ్డతో పెద్దవాళ్ళ మాటల్లో సగం పరీక్షలే. "ఇదేంటి? ఇదేం రంగు? కాకి ఎలా అరుస్తుంది? అత్తకి చెప్పు, చెప్పు నాన్నా." తెలియని బిడ్డ తల తిప్పుకుంటుంది. అడిగే బదులు చెప్పండి. బిడ్డ దేన్ని చూస్తోందో దాన్ని, మీకు నచ్చినదాన్ని కాదు. కారు చక్రం తిప్పుతూ కూర్చుంటే రంగుల పుస్తకం తెచ్చి ముందు పెట్టకండి. మీరూ నేల మీద కూర్చుని, ముఖం బిడ్డ ముఖానికి ఎదురుగా వచ్చేలా చూసుకుని, "చక్రం. తిరుగుతోంది. ఆగింది!" అనండి. అంతే.

ఎంత పొడుగు మాట్లాడాలన్నదానికి ఒక లెక్క ఉంది: బిడ్డ ఉన్న మెట్టుకి ఒక మెట్టు పైన. మాటలే లేని బిడ్డతో ఒకటి రెండు మాటల్లో, ఒక్కో మాట అనే బిడ్డతో రెండు మూడు మాటల్లో మాట్లాడండి. అలాగని "అమ్మ బువ్వ పెట్టు నీకు" లాంటి వంకర తెలుగు మాట్లాడకండి. చిన్నదైనా సరైన వాక్యమే అనండి: "అమ్మ బువ్వ పెడుతుంది."

ఇక అన్నిటికంటే కష్టమైనది ఆగడం. బిడ్డ ఫ్రిజ్ వైపు చూడగానే పాలగ్లాసు చేతికొచ్చే ఇంట్లో అడగాల్సిన పనే ఉండదు. టిఫిన్ దగ్గర ఇలా చేసి చూడండి. ఇడ్లీ మొత్తం పళ్ళెంలో పెట్టకుండా ఒక్క ముక్క పెట్టండి. అది తిన్నాక పళ్ళెం మీ దగ్గరే ఉంచుకుని, బిడ్డ ముఖంలోకి చూస్తూ ఊరుకోండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఆ పది చాలా పొడుగ్గా ఉంటుంది, మధ్యలో నానమ్మ "పెట్టవే పాపం" అంటుంది. బిడ్డ చెయ్యి చాపినా, ఇడ్లీని చూసి మిమ్మల్ని చూసినా, "ఊ" అన్నా అడిగినట్టే. వెంటనే "ఇంకా! ఇంకా ఇడ్లీ" అని ముక్క పెట్టేయండి. "ఇంకా అను, అంటేనే పెడతా" అని బిగించకండి. ఆకలితో ఏడుస్తున్నప్పుడు ఈ పని అసలు చేయకండి. నాలుగు ముక్కలకి చేసి, మిగతా ఇడ్లీ మామూలుగా తినిపించేయండి.

ఇలాంటి అవకాశాలు ఇంట్లో కావాలని కల్పించవచ్చు. ఇష్టమైన బిస్కెట్లు పైకి కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించండి. బిడ్డ డబ్బా తెచ్చి మీ చేతిలో పెడితే "తియ్యి" అంటూ తీయండి. ఊయల ఊపుతూ ఆపి "ఊపనా?" అన్నట్టు చూడండి. రెండు చేతుల్లో రెండు వస్తువులు పట్టుకుని "పాలా? నీళ్ళా?" అనండి. ఒక చెప్పు తొడిగి రెండోది మర్చిపోయినట్టు నటించండి. ఇది చాలామంది పిల్లలకి తెగ నవ్వు తెప్పిస్తుంది.

ఏ మాటలు ముందు? రంగులు, జంతువులు, పండ్ల చార్టులు తర్వాత చూసుకోవచ్చు. రోజుకి ఇరవైసార్లు పనికొచ్చేవి ముందు: ఇవ్వు, రా, వద్దు, ఇంకా, తియ్యి, పైకి, అయిపోయింది, పద. "జిరాఫీ" అనగలిగిన పిల్లాడు ఆ మాటతో ఏమీ తెచ్చుకోలేడు. "వద్దు" అనగలిగితే ఆ రోజు రెండు ఏడుపులు తగ్గుతాయి. పలకడానికి తేలికైనవి పెదవులతో పలికే ప, బ, మ శబ్దాలు, ఆ తర్వాత త, ద, న. బువ్వ, పాప, తాత, మామ, టాటా అని పిల్లల కోసం మన పెద్దవాళ్ళు వాడుతూ వచ్చిన మాటల్లో ఎక్కువ ఇవే. ఈ ముద్దుమాటలు వాడితే బిడ్డ చెడిపోతుందని కొందరు భయపడతారు. మొదట్లో హాయిగా వాడండి. ర, ళ, ష లాంటివి ఆలస్యంగా వస్తాయి, మూడేళ్ళ బిడ్డ "రైలు"ని "లైలు" అంటే అది ఆలస్యం కాదు.

తప్పు పలికితే దిద్దకండి. "తుక్క కాదు, కుక్క అను" అన్నారంటే మళ్ళీ నోరు తెరవడానికి జంకుతుంది. "అవును, కుక్క! కుక్క పరిగెడుతోంది" అని సరైన మాట బిడ్డ చెవిన వేసి ముందుకు వెళ్ళండి. అలా అనడంలోనే ఒక మాట రెండవుతుంది.

పాటలు, ఆటలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. దాగుడుమూతలు, ఉప్పుబస్తా, చెమ్మచెక్క లాంటి వాటిలో ఒకే మాట ఒకేచోట మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఒళ్ళు కదులుతుంది, ఎదురుగా మనిషి ముఖం ఉంటుంది. బాగా అలవాటయ్యాక చివరి మాట ముందు ఆగండి. ఆ ఖాళీని బిడ్డ నింపే రోజు వస్తుంది. అదే పాట ఫోన్లో నడిస్తే బిడ్డ కోసం ఆగదు.

## ఫోన్, టీవీ

భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచన ప్రకారం రెండేళ్ళ లోపు స్క్రీన్ వద్దు, ఇంట్లోవాళ్ళతో వీడియో కాల్ తప్ప. రెండు నుంచి ఐదేళ్ళ వరకు రోజుకి గంట మించకూడదు. ఫోన్ చూడడం వల్లే మాటలు రాలేదని తల్లిని నిందించడం నాకు నచ్చదు. ఇద్దరూ ఉద్యోగానికెళ్ళే ఇంట్లో, పెద్దవాళ్ళు లేని ఫ్లాట్లో ఆ ఫోన్ ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. కానీ ఫోన్ చూసే గంట మాట్లాడుకోని గంటే. తగ్గించడం తిండి దగ్గర మొదలుపెట్టండి. మొదటి కొన్ని రోజులు తక్కువ తింటుంది, గట్టిగా ఏడుస్తుంది. ఇంట్లో అందరూ ముందే ఒక మాట మీద ఉండాలి. ఒకరు ఆపితే ఇంకొకరు ఇస్తే ఏడుపు పెరుగుతుంది గానీ తగ్గదు. ఎవరూ చూడకుండా హాల్లో మోగుతున్న సీరియల్ కూడా ఆపండి. ఆ హోరులో మీ మాట బిడ్డకి విడిగా వినపడదు.

## కొట్టడం, కొరకడం, కింద పడి దొర్లడం

మాట లేని బిడ్డకి కోపం ఎక్కువ కనిపిస్తుంది. అడగలేకపోవడం ఎంత టెన్షనో ఊహించండి. కోపం దిగాక పాఠం చెప్పడం కంటే, కోపం రాకముందు ఒక సైగ నేర్పడం మేలు. "వద్దు"కి చెయ్యి ఊపడం, "ఇంకా"కి రెండు చేతుల వేళ్ళు కలపడం, "అయిపోయింది"కి చేతులు తిప్పి చూపించడం. ఫ్రిజ్ తలుపు మీద పాలు, నీళ్ళు, పార్కు, బండి ఫొటోలు అంటించి, బిడ్డ చూపిస్తే ఆ మాట మీరు అనండి. "సైగలు అలవాటైతే ఇక మాట్లాడడు" అనే భయం అక్కర్లేదు. సైగలూ బొమ్మలూ మాటని ఆపవు, చాలామంది పిల్లల్లో మాటకి దారి వేస్తాయి.

## తెలుగా, ఇంగ్లీషా?

"ఇంట్లో ఒకటే భాష మాట్లాడండి, అదీ ఇంగ్లీషు" అని స్కూళ్ళూ, కొన్నిచోట్ల థెరపిస్టులూ చెబుతున్నారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. రెండు భాషల మాటలూ కలిపే లెక్కపెట్టాలి. నానమ్మకి రాని ఇంగ్లీషు కోసం నానమ్మ నోరు మూయిస్తే, బిడ్డతో రోజంతా కబుర్లు చెప్పే మనిషిని పోగొట్టుకున్నట్టే. మీకు ఏ భాషలో అలవోకగా కథ చెప్పడం, కోప్పడడం, ముద్దు చేయడం వస్తుందో ఆ భాషే మాట్లాడండి. ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఉర్దూ, లంబాడీ మాట్లాడే ఇంట్లో లంబాడీ.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఒక మాట. అక్కడ మూడేళ్ళ లోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ కింద అసెస్‌మెంట్ ఉచితం, డాక్టరు చీటీ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేసి అడగవచ్చు. ఇంటి భాష తెలుగు అని మొదటే రాయించండి. లేకపోతే బిడ్డకి వచ్చిన తెలుగు మాటలు లెక్కలోకి రావు. మూడేళ్ళు నిండాక ఆ బాధ్యత స్కూల్ డిస్ట్రిక్టుకి మారుతుంది.

## వస, నాలుక కోయించడం

వస కొమ్ములో బీటా ఆసరోన్ అనే హానికరమైన పదార్థం ఉంటుంది. అమెరికాలో ఆహారంలో వస వాడకాన్ని 1968లోనే నిషేధించారు. దానివల్ల మాటలొస్తాయనడానికి ఆధారం లేదు. తేనెలో అరగదీసి ఇస్తే ఏడాది లోపు బిడ్డకి తేనెతో వచ్చే బోట్యులిజం అనే తీవ్రమైన జబ్బు ప్రమాదం అదనం. నాలుక కింద పొర బిగుసుకుని ఉంటే పాలు తాగడానికి, కొందరిలో కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకడానికి ఇబ్బంది కావచ్చు. మాటలే రాకపోవడానికి మాత్రం అది కారణం కాదు.

## ఆటిజం అనుమానం వస్తే

పేరుకి పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, వేలుతో చూపించకపోవడం, మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పని చేయించుకోవడం, బొమ్మలన్నీ వరసగా పేర్చుతూ గంటలు గడపడం, వీటిలో కొన్ని కలిసి ఉంటే డాక్టరుతో ఆ మాట మీరే ఎత్తండి. 16 నుంచి 30 నెలల పిల్లలకి ఎం-చాట్-ఆర్ అనే ఇరవై ప్రశ్నల పట్టిక ఉంది. అది జల్లెడ మాత్రమే, నిర్ధారణ చేసేది నిపుణులే. ఆటిజం అని తేలినా పైన చెప్పిన ఇంటి పని మారదు, ఇంకా ఎక్కువ అవసరమవుతుంది. ఈ దశలోనే మూలకణాల చికిత్స అంటూ లక్షలు అడిగేవాళ్ళు తగులుతారు. ఆటిజానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దాన్ని సిఫారసు చేయలేదు. ఆ డబ్బు బిడ్డ థెరపీకి దాచుకోండి.

కాగితాల పని కూడా అప్పుడే చూసుకోవాలి. ఒట్టి మాటల ఆలస్యానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం లాంటివి నిర్ధారణ అయితే సదరం సర్టిఫికెట్టు, దివ్యాంగుల గుర్తింపు కోసం కేంద్రం ఇచ్చే యూడీఐడీ కార్డు తీసుకోండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంటుంది, అందులో థెరపీ ఖర్చూ కొంతవరకు వస్తుంది.

## మూడు నెలలకోసారి లెక్క చూడండి

రోజూ చూసే కళ్ళకి మార్పు కనపడదు. నోటుబుక్కులో మొదటి వారం పేజీ పక్కన ఈ వారం పేజీ పెట్టండి, పాత వీడియో పక్కన కొత్త వీడియో చూడండి. మాటలు పెరగకపోయినా చూపు, సైగ, అర్థం చేసుకోవడం పెరిగితే దారి సరైనదే. అవి కూడా కదలకపోతే థెరపిస్టుని లక్ష్యం మార్చమని అడగండి. చెవి మళ్ళీ చూపించండి, ముఖ్యంగా మధ్యలో జలుబులు ఎక్కువైతే. ఇంకో మూడు నెలలకీ జవాబు "ఓపిక పట్టండి" అనే వస్తే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. అలా వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి.

ప్లేస్కూల్ మంచిదే, థెరపీకి బదులు కాదు. గదికి నలభై మంది ఉండే చోట మాటలు రాని బిడ్డ ఒక మూల కూర్చుంటుంది, "చాలా బుద్ధిమంతుడు" అని రిపోర్టు వస్తుంది. తక్కువ మంది పిల్లలు, నేల మీద కూర్చుని ఆడే టీచరు ఉన్న చోటు వెతకండి. దగ్గర్లోని అంగన్‌వాడీయే అలా ఉండవచ్చు. వచ్చిన మాటల జాబితా, సైగల అర్థాలు ఒక కాగితం మీద రాసి టీచరుకి ఇవ్వండి.

మాటలు అందుకుని థెరపీ ఆపేశాక కూడా రిపోర్టుల ఫైలు పారేయకండి. చిన్నప్పుడు భాష ఆలస్యమైన పిల్లల్లో కొందరికి ఐదారేళ్ళకి చదవడం, రాయడం దగ్గర మళ్ళీ ఇబ్బంది కనిపిస్తుంది. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు టీచరుకి ఆ సంగతి చెప్పండి. అక్షరాలు గుర్తుపట్టడంలో, కథ విని తిరిగి చెప్పడంలో తోటి పిల్లల కంటే బాగా వెనకబడితే పరీక్షల దాకా ఆగకుండా మళ్ళీ స్పీచ్ థెరపిస్టుకి చూపించండి.